తరాజు పీరియడ్

శుక్రవారం, అన్నాలయ్యాక.
బోరబండ బడి, మూడో తరగతి.
కరెంటు పోయింది. ఫ్యాను రెక్క మీది దుమ్ము కూడా కదలడం లేదు.
పుస్తకంలో ఇత్తడి త్రాసు బొమ్మ,
కింద ఎర్రక్షరాల్లో "కృత్యం: చేసి చూద్దాం."
చేసి చూడ్డానికి ఇత్తడి ఎవరిస్తారు?
నేను తెచ్చింది లాండ్రీవాళ్ళ తీగ హ్యాంగరు,
కడిగిన రెండు పెరుగు డబ్బాలు,
చీర ఫాల్ కుట్టగా మిగిలిన దారం,
కాస్త గర్వం.

డబ్బాలకు చిల్లులు పొడిచింది తాహెర్, కంపాస్ ముల్లుతో,
పొడిచిన ప్రతిసారీ నాలుక బయటపెట్టి.
ముడులు భార్గవివి. దాని ముడి ఊడదు,
పూలు కట్టే ఇల్లు వాళ్ళది.
కిటికీ ఊచకి తగిలించాం.
ఊగి, ఊగి, ఊగి
ఆగేదాకా
పంతొమ్మిది మందీ ఊపిరి బిగబట్టారు.

"ఇది త్రాసు" అన్నాను.
"తరాజు, టీచర్" అన్నారు.
సరే, తరాజే.

డస్టరెంత? పదకొండు సుద్దముక్కలంత.
ఎవరి చెప్పు బరువెక్కువ అన్న దగ్గర గొడవైంది,
తడి చెప్పు లెక్కలోకి రాదని లోకేశు వాదన.
అంతలో చివరి వరసలో ప్రణయ్
జేబులోంచి గుడ్డు తీశాడు.
మధ్యాహ్నం పెట్టింది, పెంకు తీయనిది.
చెల్లెకట.
"తూకమేసి మల్ల ఇస్తరా?"

ఒక డబ్బాలో గుడ్డు. రెండో దాంట్లో చింతగింజలు
ఒక్కొక్కటే, అందరూ పైకి లెక్కపెడుతుంటే.
నలభై దగ్గర హ్యాంగరు కదిలింది.
యాభై ఆరుకు వణికింది.
అరవై రెండుకు నిలిచింది, స్కేలు పెట్టి గీసినట్టు.
బోర్డు మీద రాశాను: గుడ్డు, అరవై రెండు గింజలు.

"గట్లెట్ల రాస్తరు టీచర్?"
నిఖత్.
ఏడాదంతా కలిపి మూడుసార్లు నోరు విప్పిన పిల్ల.
"పాసంగం చూడలే."
ఏం చూడలేదూ?
"పాసంగం. ఖాలీ తరాజు సక్కగుందో లేదో జూడాలె.
గుడ్డు గిటు, గింజలు గటు మార్సుండ్రి."

మార్చాం.
హ్యాంగరు ఒక పక్కకి ఒరిగింది,
నా బీఎడ్ పట్టా మీదికే ఒరిగినట్టు.

రెండూ ఒకటే అనుకున్నాను గానీ
ఒక డబ్బా వేరే కంపెనీది, అడుగు దళసరి.

ఎర్రగడ్డ రైతుబజారు బయట ఉల్లిగడ్డల బండి వాళ్ళది.
తల్లికింకా కరెంటు మిషిను రాలేదు, చేతి తరాజే.
ఆ బండి కింద నీడలో కూచుని
ఈ పిల్ల ఎప్పుడో పూర్తి చేసిన పాఠం ఇది.
పళ్ళెం అడుగున చింతపండు అంటించేవాళ్ళ సంగతి కూడా చెప్పింది,
పేర్లతో సహా.
"మేమట్ల జెయ్యం" అంది ఆఖర్న,
ఎవరూ అడక్కుండానే.

అన్నం బకెట్ అడుగున మిగిలిన మెతుకులు తెచ్చి
తేలిక డబ్బాకి అద్దింది నిఖత్.
ఎక్కువైందని గోటితో గిల్లింది,
తక్కువైందని మళ్ళీ అద్దింది.
ఒంటికన్ను మూసి చూసి, "ఇగ ఎయ్యుండ్రి" అంది.
వేశాం. యాభై తొమ్మిది.
మూడు గింజల అబద్ధం
నా గుండ్రటి చేతిరాతలో బోర్డెక్కి కూచుంది.
డస్టరుతో తుడిచాను,
పదకొండు సుద్దముక్కల డస్టరు.
దాన్నీ మళ్ళీ తూచాలన్నారు. బెల్లు కొట్టేశారు.
గుడ్డు జేబులోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం బెండకాయలు కొంటూ
మిషను మీది ఎర్రంకెలు చూశాను,
ఇన్నేళ్ళలో మొదటిసారి, ఇంకా ఏమీ పెట్టకముందే.
ఐదు గ్రాములుంది.
"ఏంది మేడం, గట్ల జూస్తున్నరు?"
"పాసంగం" అన్నాను.
మాట నోట్లో ఇంకా కొత్తగా, కొత్త పన్నులా తగులుతోంది.
అతను నన్నోసారి ఎగాదిగా చూసి
తువ్వాలుతో పళ్ళెం దులిపాడు.
తడి కొత్తిమీర కాడ ఒకటి ఎగిరి పడింది.
సున్నా.